లాక్టోన్లు: బత్తాయి చేదు, నేతి వాసన, మిర్చి బూజు, గుండె మందు

(గుంటూరులో ఫార్మసీ, ఫుడ్ టెక్నాలజీ విద్యార్థులకు, వారితో పాటు వచ్చిన మిర్చి రైతులకు, పాడి రైతులకు చేసిన ప్రసంగ పాఠం. మధ్యమధ్యలో అడిగిన ప్రశ్నలకు జవాబులు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

బత్తాయి రసం పిండిన వెంటనే తాగితే తియ్యగా ఉంటుంది. అదే రసం సీసాలో పోసి ఇంటికి తీసుకెళ్లి, రెండు గంటలాగి తాగి చూడండి. చేదు తగులుతుంది. గింజలు నలిగాయనో, పండు పాతదనో అనుకుంటాం. గింజ నలిగితే చేదు పెరిగే మాట నిజమే. కానీ గింజ ఒక్కటీ పడకుండా తీసిన రసం కూడా ఆగితే చేదెక్కుతుంది.

కారణం ఇది. బత్తాయి తొనల పొరల్లో లిమోనోయేట్ అనే పదార్థం ఉంటుంది. దానికి రుచి లేదు. రసం పిండగానే అది పొరల్లోంచి బయటికొచ్చి పుల్లటి రసంలో కలుస్తుంది. ఆ పులుపుకు, పండులోనే ఉన్న ఒక ఎంజైము తోడవుతుంది. అప్పటిదాకా విచ్చుకుని ఉన్న ఒక వలయం మూసుకుంటుంది, నీటి అణువు ఒకటి బయటికి పోతుంది. అలా తయారైందే లిమోనిన్. లీటరు రసంలో 6 మిల్లీగ్రాములు చేరితే చాలు, నాలుక పట్టేస్తుంది. కాచి చల్లారిస్తే చేదు రాదని అనుకోకండి, వేడి ఈ పనిని ఇంకా తొందర చేస్తుంది. జ్యూస్ ఫ్యాక్టరీల్లో రెజిన్ నింపిన గొట్టాల గుండా రసాన్ని పంపి లిమోనిన్‌ను పట్టేస్తారు. ఇంట్లో అయితే తొనల పొర నలిగేలా గట్టిగా పిండకపోవడం, వెంటనే తాగడం, ఈ రెండే మార్గాలు. బాగా పండిన కాయలో ఆ లిమోనోయేట్‌కు చక్కెర అతుక్కుని ఉంటుంది. అప్పుడది మూసుకోలేదు. అందుకే పచ్చి కాయ రసం త్వరగా చేదెక్కుతుంది.

మూసుకున్న ఆ వలయాన్నే లాక్టోన్ అంటాం. ఒకే అణువులో ఒక చివర ఆమ్లం, అంటే కార్బాక్సిల్ సమూహం, ఇంకోచోట హైడ్రాక్సిల్ సమూహం ఉంటే, ఆ రెండూ వంగి కలుసుకుని, నీటిని వదిలి ముడిపడతాయి. మామూలు ఎస్టరే ఇది, కాకపోతే గుండ్రంగా కట్టుకున్న ఎస్టర్. వలయంలో నాలుగు పరమాణువులుంటే బీటా, అయిదుంటే గామా, ఆరుంటే డెల్టా లాక్టోన్. పన్నెండు, పద్నాలుగు, పదహారు ఉన్న పెద్దవాటిని మాక్రోలైడ్లు అంటాం.

విద్యార్థులు ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. నీళ్లు తక్కువై, ఆమ్లం, వేడి ఉంటే వలయం మూసుకుంటుంది. క్షారం తగిలితే విచ్చుకుంటుంది. అయిదు పరమాణువుల వలయం నిలకడైనది, హైడ్రాక్సీ ఆమ్లాన్ని పుల్లటి ద్రవంలో ఉంచితేనే చాలావరకు మూసుకుపోతుంది. ఆరు పరమాణువులది నీటిలో కొంచెం సులువుగా విచ్చుకుంటుంది. నాలుగు పరమాణువులది బిగుసుకుపోయి ఉంటుంది, ఏది దొరికితే దాన్ని పట్టుకుని పగులుతుంది. రుచి, వాసన, మందు, విషం, ఈ నాలుగింటిలోనూ మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఇక్కడ వలయం మూసి ఉందా, తెరిచి ఉందా?

వంటింట్లోకి వద్దాం. వెన్న కాచేటప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. వెన్నలో వాసన ఉంటుంది కానీ అది నేతి వాసన కాదు. పొయ్యి మీద పెట్టగానే కరుగుతుంది, తెల్లటి నురగ లేస్తుంది, చిటపటమంటుంది. ఆ చప్పుడు నీళ్లు పోతున్న చప్పుడు. నీళ్లున్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. పాలకొవ్వులో కొద్దిపాటి హైడ్రాక్సీ ఆమ్లాలు గ్లిసరాల్‌కు అతుక్కుని ఉంటాయి. వేడికీ తేమకీ అవి ఊడి వస్తాయి. ఊడిన మరుక్షణం మూసుకుని డెల్టా-డెకాలాక్టోన్, డెల్టా-డోడెకాలాక్టోన్ అవుతాయి. మొదటిదానిలో 10 కార్బన్లు, రెండోదానిలో 12. కొబ్బరినీ మీగడనూ గుర్తుచేసే ఆ తియ్యటి, నిండు వాసనలో వీటిది పెద్ద వాటా. అంటే నెయ్యి కాచడమంటే నీళ్లు తీయడం ఒక్కటే కాదు, వాసనను పుట్టించడం కూడా.

చప్పుడు తగ్గాక ఉష్ణోగ్రత పెరగడం మొదలవుతుంది. 110 నుంచి 120 డిగ్రీల మధ్య, అడుగున మడ్డి లేత గోధుమరంగుకు తిరిగేటప్పుడు దించాలి. అంతకు ముందే దించితే లాక్టోన్లు తక్కువ, తేమ ఎక్కువ. ఆ తేమ వల్ల కొన్నాళ్లకు కొవ్వు విడిపోయి నెయ్యి ముక్కిపోయిన వాసన వేస్తుంది. ఆలస్యమైతే మడ్డి మాడి, ఆ మాడు వాసన లాక్టోన్ల వాసనను కప్పేస్తుంది. పెద్ద మంట మీద తొందరపడితే అడుగున మాడుతుంది, పైన తేమ మిగులుతుంది. రెండు తప్పులూ ఒకే గిన్నెలో. అందుకే సన్న సెగ.

మామిడిలో, కొబ్బరిలో కూడా ఈ కుటుంబమే ఉంది. కొబ్బరి వాసనకు డెల్టా-ఆక్టాలాక్టోన్, మామిడి, పీచ్ లాంటి పళ్ల వాసనకు గామా-ఆక్టాలాక్టోన్, గామా-డెకాలాక్టోన్. ఐస్‌క్రీముల్లో, యోగర్ట్‌లలో వాడే గామా-డెకాలాక్టోన్‌ను చాలావరకు ఆముదం నుంచే తీస్తారు. ఆముదంలోని రిసినోలీక్ ఆమ్లం 18 కార్బన్ల గొలుసు, పన్నెండో కార్బన్ మీద హైడ్రాక్సిల్ ఉంటుంది. యారోవియా లిపోలిటికా అనే ఈస్టుకు దాన్ని మేపితే రెండేసి కార్బన్ల చొప్పున నాలుగు సార్లు కొరికి 10 కార్బన్ల దగ్గరికి తెస్తుంది. హైడ్రాక్సిల్ ఇప్పుడు నాలుగో కార్బన్ మీదికొచ్చింది. ఆ ద్రవాన్ని పుల్లగా మార్చి వేడి చేస్తే గామా వలయం మూసుకుంటుంది. కష్టమెక్కడంటే, ఈస్టు 10 దగ్గర ఆగదు. చేసినదాన్ని ఇంకా కొరికేస్తూ పోతుంది. పైగా లాక్టోన్ ఎక్కువైతే ఈస్టు కణాలే చచ్చిపోతాయి. సరైన గంటలో ఆపడం, తయారైనదాన్ని ఎప్పటికప్పుడు బయటికి లాగడం, ఈ పరిశ్రమలో నేర్పంతా అక్కడే ఉంది.

ఆవకాయలో మెంతిపిండి వాసన తెలుసుగా? దానిలో ముఖ్యమైనది సొటొలోన్, అదీ లాక్టోనే. చాలా పలచగా ఉంటే పాకం వాసన, చిక్కబడితే మెంతుల వాసన. ఇది శరీరంలో పెద్దగా మారకుండా చెమటలోకి, మూత్రంలోకి వస్తుంది. బాలింతలకు, కాన్పు దగ్గరపడ్డవాళ్లకు మెంతులు పెట్టిన ఇళ్లలో పసిబిడ్డ మూత్రం పాకం వాసన వేస్తే, మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అనే తీవ్రమైన జబ్బేమోనని డాక్టర్లు కంగారుపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆ జబ్బులో కూడా వాసనకు కారణం సొటొలోనే. రక్తపరీక్ష చేయించాల్సిందే, దానితో పాటు తల్లి ఏం తిన్నదో కూడా అడగాలి.

ఫుడ్ టెక్నాలజీ వాళ్లకు చేత్తో చేసి చూడగలిగినది గ్లూకోనో-డెల్టా-లాక్టోన్. తెల్లటి పొడి, నాలుక మీద మొదట కాస్త తీపి, తర్వాత పులుపు. నీళ్లలో పడ్డాక మెల్లగా విచ్చుకుని గ్లూకోనిక్ ఆమ్లమవుతుంది. మెత్తటి టోఫు చేసేది దీనితోనే. సోయా గింజలు 8 నుంచి 10 గంటలు నానబెట్టండి. కిలో గింజలకు 6, 7 లీటర్ల నీళ్లతో రుబ్బి వడకట్టండి. పాలను పొంగు వచ్చాక పది నిమిషాలు మరిగించండి, లేకపోతే జీర్ణాన్ని అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు మిగిలిపోతాయి. తర్వాత 30 డిగ్రీల లోపుకు చల్లార్చండి. లీటరు పాలకు రెండున్నర నుంచి 3 గ్రాముల పొడి, కాసిని చల్లటి నీళ్లలో అప్పటికప్పుడు కరిగించి కలపండి. డబ్బాల్లో పోసి మూతపెట్టి, 80 నుంచి 85 డిగ్రీల నీళ్లలో 40 నిమిషాలు కదపకుండా ఉంచండి. వేడికి వలయం క్రమంగా విచ్చుకుంటుంది, పాలంతా ఒకే వేగంతో పుల్లబడతాయి, జున్నులా నున్నగా గట్టిపడతాయి.

చెడేదెక్కడ? పొడిని ముందే నీళ్లలో కలిపి పక్కన పెట్టుకుంటారు. అది అప్పటికే ఆమ్లమైపోయి ఉంటుంది, పోయగానే పాలు విరిగి పలుకులు పలుకులవుతాయి. వేడి పాలలో పోసినా అంతే. డబ్బాలు కదిలిస్తే నీరు వేరుపడుతుంది. పొడి డబ్బా మూత సరిగా పెట్టకపోతే గాలిలో తేమకే విచ్చుకుని పొడి బలం పోతుంది, విజయవాడ, గుంటూరు ఉక్కపోతలో ఇది ఎక్కువ. మోతాదు మించితే టోఫు పుల్లగా ఉంటుంది.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు వేలు గుచ్చి చూసుకునే స్ట్రిప్పులో కూడా రక్తంలోని గ్లూకోజ్ ఇదే లాక్టోన్‌గా మారుతుంది, ఆ మార్పులో కదిలే ఎలక్ట్రాన్లనే మీటరు లెక్కపెడుతుంది. మన కణాల్లో దీని చుట్టం ఒకటి రోజంతా తయారవుతూనే ఉంటుంది: జి6పీడీ ఎంజైము చేసే 6-ఫాస్ఫోగ్లూకోనోలాక్టోన్. ఆ ఎంజైము పుట్టుకతోనే తక్కువున్నవాళ్లకు ప్రైమాక్విన్ అనే మలేరియా మందు ఇస్తే ఎర్ర కణాలు పగిలిపోతాయి. వైవాక్స్ మలేరియాకు 14 రోజుల ప్రైమాక్విన్ రాసేముందు జి6పీడీ పరీక్ష అడిగేది ఇందుకే.

ఇక గుంటూరుకు బాగా దగ్గరి సంగతి. సి విటమిన్‌ను కిలోల లెక్కన మొదట తీసింది నిమ్మకాయ నుంచి కాదు, మిరపకాయ నుంచి. హంగరీలోని సెగెడ్ పట్టణంలో 1930ల మొదట్లో ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ అక్కడి పాప్రికా మిరప నుంచి తీశారు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన మిరపది కూడా ఆ జాతే, కాప్సికమ్ యాన్యుమ్. పచ్చిమిర్చిలో నిమ్మరసం కన్నా సి విటమిన్ ఎక్కువ. ఎండబెడితే చాలావరకు పోతుంది.

ఆస్కార్బిక్ ఆమ్లంలో కార్బాక్సిల్ సమూహం లేదు. అది గామా లాక్టోన్. గాలి తగిలితే డీహైడ్రో ఆస్కార్బిక్ ఆమ్లమవుతుంది. ఇక్కడివరకు నష్టం లేదు, వలయం ఇంకా మూసే ఉంది, శరీరం దాన్ని తిరిగి విటమిన్ చేసుకోగలదు. కానీ తర్వాత వలయం విచ్చుకుంటే అది ఇక విటమిన్ కాదు, వెనక్కి తేలేం. పులుపు తగ్గి తటస్థానికి వచ్చాక, ఒంటి వేడి దగ్గర ఇది నిమిషాల్లో జరిగిపోతుంది. పప్పు త్వరగా ఉడకాలని, ఆకుకూర పచ్చగా ఉండాలని వంటసోడా వేసేవాళ్లు ఇది తెలుసుకోవాలి. రాగి పాత్రలో నిమ్మరసం నిలవ ఉంచకూడదు, రాగి ఆ మొదటి మార్పును ఎన్నో రెట్లు తొందర చేస్తుంది. చింతపండు, నిమ్మ వేసిన వంటలో విటమిన్ కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది.

అదే మిరప కల్లంలో వేరే లాక్టోన్ పుడుతుంది, దానికి కొంచెం ఎక్కువ సమయం ఇస్తాను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. దాణాలోని బ్రెజిల్ వేరుశనగ చెక్కకు ఆస్పెర్జిల్లస్ ఫ్లేవస్ బూజు పట్టి ఉంది. ఆ బూజు చేసే విషం అఫ్లటాక్సిన్. దానిలో కూమరిన్ భాగం ఉంది, అంటే లాక్టోన్ వలయం. అతినీలలోహిత కాంతిలో బి రకం నీలంగా, జి రకం ఆకుపచ్చగా మెరుస్తాయి. బి1 కాలేయంలో మారి డీఎన్‌ఏకు అతుక్కుంటుంది, కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

కోసిన పండు మిరపలో తేమ నూటికి 65 నుంచి 80 వరకు ఉంటుంది. దాన్ని 10, 11కి దించాలి. ఆ మధ్యలో ఎన్ని రోజులు పడుతుందన్నదే బూజుకు దొరికే అవకాశం. 25 నుంచి 35 డిగ్రీల వేడి, తడి కాయ ఉంటే దానికి పండగే. రంగు బాగా రావాలని కోసిన కాయను గుట్ట పోసి మగ్గబెడతారు. గుట్ట లోపల చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా, చెమ్మగా ఉంటుంది. రెండు రోజులు దాటనివ్వకండి, మధ్యలో తిరగెయ్యండి. మట్టి నేల మీద కాకుండా పట్టా మీదో, సిమెంటు కల్లం మీదో పలచగా ఆరబోయండి. బూజు విత్తనాలు ఉండేది మట్టిలోనే. రాత్రి మంచు పడకుండా కప్పండి, కానీ పొద్దున్నే పట్టా తీసెయ్యాలి. ఎండెక్కాక కూడా కప్పి ఉంటే కిందంతా ఆవిరి పడుతుంది.

మరో చోట పొరపాటు జరుగుతుంది, అది టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు కుట్టే ముందు. కాయ పెళపెళలాడితే తొక్కేటప్పుడు విరుగుతుందని నీళ్లు చల్లుతారు. వారాలపాటు ఎండలో తెచ్చుకున్నదంతా ఆ నీళ్లతో పోతుంది. చల్లిన తేమ టిక్కీలో ఒకచోట చేరుతుంది, అక్కడే బూజు మొదలవుతుంది. కోల్డ్ స్టోరేజీలో బూజు పెరగదు నిజమే, కానీ లోపలికి వెళ్లేలోగా పుట్టిన విషం అలాగే ఉంటుంది. తాలు కాయ, పురుగు తొలిచిన కాయ, తొడిమ దగ్గర నల్లబడ్డ కాయ వేరుచేసి పక్కన పెట్టండి. వేరుచేసినదాన్ని చవగ్గా కారం పట్టే మిల్లుకు అమ్మితే ఆ విషం మళ్లీ మన ఇంటి కంచంలోకే వస్తుంది.

కారం వేయించినా, కూర మరిగించినా అఫ్లటాక్సిన్ పోదు. బి1 స్ఫటికం 260 డిగ్రీలు దాటాక గానీ కరగదు, మన వంట వేడి దానికి ఏ మూలకూ చాలదు. మరి క్షారంతో వలయం విప్పొచ్చు కదా అని విద్యార్థులకు తట్టాలి. విప్పొచ్చు. సున్నపు నీళ్లలో విచ్చుకుంటుంది కూడా. కానీ కడుపులో ఆమ్లం తగలగానే మళ్లీ మూసుకుంటుంది. పశువుల దాణాను ఒత్తిడిలో, వేడిలో అమ్మోనియాతో శుద్ధి చేసే పద్ధతి పనిచేయడానికి కారణం, విచ్చుకున్న వలయం నుంచి కార్బన్ డయాక్సైడ్ కూడా ఊడిపోయి వెనక్కి దారి లేకుండా పోవడం. ఇంట్లో సున్నం కలిపితే సరిపోతుందన్న మాట నమ్మకండి.

బూజు పట్టిన వేరుశనగ చెక్కను గేదెకు పెడితే, తిన్న బి1లో నూటికి ఒకటి నుంచి ఆరు పాళ్ల వరకు ఎమ్1 రూపంలో పాలలోకి వస్తుంది. పాలు కాచినా, పెరుగు తోడేసినా అది ఉంటుంది. మన దేశంలో పాలకు హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు. చెక్క మార్చేస్తే కొద్ది రోజుల్లో పాలు శుభ్రపడతాయి కాబట్టి, మనిషి తినకూడని చెక్క గేదెకు పనికొస్తుందన్న అలవాటు మానుకుంటే చాలు.

మొక్కల మధ్య లాక్టోన్లు కబుర్లు మోస్తాయి. పొగాకు చేలో వేరు మీద మొలిచే మల్లె కలుపు, దీన్నే బోడు అంటారు, శాస్త్రంలో ఓరబాంకి, దాని గింజ ధూళి రేణువంత ఉంటుంది. ఏళ్ల తరబడి నేలలో నిద్రపోతుంది. పొగాకు వేరు వదిలే స్ట్రిగోలాక్టోన్ తగిలితేనే మేల్కొంటుంది. వేరు వాటిని కలుపు కోసం వదలదు. భాస్వరం తక్కువైనప్పుడు, దాన్ని తెచ్చిపెట్టే మైకోరైజా శిలీంధ్రాన్ని పిలవడానికి వదులుతుంది. ఈ సంగతి 2005లో తేలింది. మొదటి స్ట్రిగోల్‌ను 1966లో పత్తి వేర్ల నుంచి తీశారు. మొక్క లోపల ఇదే పదార్థం కొమ్మలు వేయడాన్ని అదుపు చేసే హార్మోను. దీన్ని అందుకునే ప్రోటీను విచిత్రమైనది: అణువును తానే విరిచి, లాక్టోన్ ముక్కను తనకే అతికించుకుని, అలా కబురు అందుకుంటుంది. రైతుకు పనికొచ్చేది ఏమిటంటే, నువ్వు, పెసర, మినుము, జొన్న లాంటి పైర్ల వేర్లు కూడా మల్లె గింజను లేపుతాయి, కానీ తగులుకోవడానికి చోటివ్వవు. లేచిన గింజ తిండి లేక చస్తుంది. పొగాకుకు ముందు అలాంటి పైరు వేసి, మొలిచిన మల్లెను పూతకు రాకముందే పీకి చేను బయట కాల్చేయాలి. పీకి గట్టు మీద పడేస్తే అక్కడే గింజ ముదురుతుంది.

వయ్యారిభామ కలుపు మొక్క గురించి ఒక్క మాట. దానిలోని పార్థెనిన్ లాక్టోనే. వలయం పక్కనున్న జంట బంధం చర్మపు ప్రోటీన్లలోని గంధకాన్ని పట్టుకుంటుంది, ఆ ప్రోటీన్‌ను శరీరం శత్రువనుకుంటుంది. కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో దురద పుండ్లు అలా వస్తాయి. ఎండిన ఆకుల పొడికీ వస్తాయి. చేతి తొడుగులు లేకుండా పీకకండి. నేలవేము చేదు ఆండ్రోగ్రఫోలైడ్, పెన్నేరు గడ్డలోని వితనోలైడ్లు, ఇవన్నీ ఈ కుటుంబమే.

మందుల్లోకి వస్తే, మూసి ఉందా, తెరిచి ఉందా అన్న ప్రశ్నకు ఎంత విలువుందో కాంప్టోథెసిన్ చెబుతుంది. 1966లో మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీ ఒక చైనా చెట్టు నుంచి తీశారు. మన పడమటి కనుమల్లోని ఒక చెట్టులో కూడా ఇది దండిగా ఉంటుంది. క్యాన్సర్ కణాలను బాగా చంపుతుంది, కానీ నీళ్లలో కరగదు. కరిగించాలని క్షారంతో వలయం విప్పి, సోడియం లవణంగా 1970ల మొదట్లో రోగులకు ఎక్కించారు. మందు పెద్దగా పనిచేయలేదు, మూత్రాశయంలో రక్తస్రావం మొదలైంది. ఎందుకంటే పనిచేసేది మూసిన రూపమే. రక్తంలో విచ్చుకునే ఉంది, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీను దాన్ని ఆ రూపంలోనే పట్టి ఉంచింది. పుల్లటి మూత్రంలోకి వెళ్లాక అక్కడ మూసుకుని, మూత్రాశయాన్ని కాల్చింది. వలయం మూసి ఉండగానే కరిగేలా మార్చిన టోపోటెకాన్, ఇరినోటెకాన్ అమెరికాలో 1996లో గానీ రాలేదు. ఇరినోటెకాన్‌ను సెలైన్ కన్నా 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో కలపడం మేలనేది కూడా ఈ పులుపు కోసమే. నర్సింగ్ వాళ్లకు ఇది చెప్పి ఉంచాలి.

కొలెస్ట్రాల్ మందుల్లో దీనికి తిరగేసిన కథ. లోవాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ మాత్రలో మూసి ఉంటాయి. అలా ఉన్నంతసేపు పనిచేయవు. కాలేయంలో విచ్చుకున్నాకే కొలెస్ట్రాల్ తయారీకి కావాల్సిన ఎంజైమును ఆపుతాయి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్‌లను విప్పిన రూపంలోనే, కాల్షియం లవణంగా ఇస్తారు. సిమ్వాస్టాటిన్ వాడే మనిషికి గొంతు నొప్పని క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే, సిమ్వాస్టాటిన్‌ను విరగ్గొట్టే కాలేయ ఎంజైము ఆగిపోయి, రక్తంలో స్టాటిన్ పేరుకుని కండరాలు కరిగి కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఆ క్లారిత్రోమైసిన్ కూడా 14 పరమాణువుల లాక్టోనే. ఎరిత్రోమైసిన్‌కు వచ్చే నిరోధకతలో ఒక రకం, బ్యాక్టీరియా ఆ పెద్ద వలయాన్ని ఎంజైముతో విప్పేయడం. బోదకాలు కార్యక్రమంలో ఇచ్చే ఐవర్‌మెక్టిన్, మిర్చిలో పురుగుకు కొట్టే ఎమామెక్టిన్ బెంజోయేట్ దగ్గరి చుట్టాలు, 16 పరమాణువుల వలయాలు. ఎమామెక్టిన్ ఎండకు త్వరగా చెడుతుంది, సాయంత్రం కొట్టమనేది అందుకే.

నాలుగు పరమాణువుల బీటా-ప్రోపియోలాక్టోన్ టీకాల తయారీలో వైరస్‌ను చంపుతుంది. కోవాక్సిన్‌లో వాడింది అదే, కొన్ని రేబీస్ టీకాల్లోనూ అదే. బిగుసుకున్న వలయం పగిలి వైరస్ జన్యుపదార్థానికి అతుక్కుంటుంది. మిగిలినదాన్ని 37 డిగ్రీల దగ్గర రెండు గంటలుంచితే నీటితో కలిసి మామూలు హైడ్రాక్సీ ఆమ్లమైపోతుంది. టీకాలో విషం మిగలదు. చేసేవాళ్లు మాత్రం దాన్ని చల్లగా, ఫ్యూమ్ హుడ్‌లోనే ముట్టుకోవాలి, క్యాన్సర్ కలిగించగలదు.

చివరగా గుండె కవాటాలు మార్చుకున్నవాళ్లు వేసుకునే మాత్ర. అమెరికాలో 1920లలో, బూజు పట్టిన తీపి క్లోవర్ గడ్డి తిన్న పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన గడ్డకట్టని రక్తాన్ని పాల క్యానులో పోసుకుని కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు తెచ్చారు. ఆ బృందం తేల్చిందేమిటంటే, గడ్డిలోని కూమరిన్‌ను బూజు డైకూమరాల్‌గా మారుస్తోంది. దాని నుంచి వచ్చిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వాడుకలోకి వచ్చింది. విటమిన్ కె ని తిరిగి వాడుకలోకి తెచ్చే ఎంజైమును ఇది ఆపుతుంది.

మన దగ్గర ఎక్కువగా ఇచ్చేది దీని చుట్టం అసినోకుమరాల్. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే లెక్క ఐఎన్‌ఆర్. దాన్ని చాలామందికి 2 నుంచి 3 మధ్య, గుండె ఎడమవైపు గదుల మధ్యనుండే మైట్రల్ కవాటం చోట లోహపు కవాటం ఉంటే రెండున్నర నుంచి మూడున్నర మధ్య ఉంచుతారు. మోతాదు మార్చిన ఫలితం రెండు మూడు రోజులకు గానీ కనపడదు, కాబట్టి మర్నాడే ఐఎన్‌ఆర్ చూసి మళ్లీ మార్చకూడదు. ఒక పూట మరిచిపోతే తర్వాత రెండు మాత్రలు వేసుకోవద్దు. తోటకూర, మునగాకు, పాలకూర మానమని చెప్పడం తప్పు. ప్రతి వారం తినేదాన్ని అదే లెక్కలో తినమనాలి. నెలంతా తినకుండా ఒక్కసారిగా రోజూ మునగాకు పప్పు మొదలుపెడితే ఐఎన్‌ఆర్ పడిపోయి కవాటం మీద గడ్డ కడుతుంది. విరేచనాలకు మెట్రోనిడజోల్, తామరకు ఫ్లూకోనజోల్, మూత్రంలో మంటకు కోట్రైమాక్సజోల్ రాస్తే ఐఎన్‌ఆర్ ఎగబాకుతుంది. టీబీకి రిఫాంపిసిన్ ఇస్తే పడిపోతుంది. మందుల షాపులో నిలబడే ఫార్మసిస్టు ఈ నాలుగు పేర్లు గుర్తుపెట్టుకుంటే మనుషులు బతుకుతారు. నొప్పుల బిళ్ల సొంతంగా కొనుక్కోవద్దని కూడా చెప్పాలి. గర్భం వస్తే అదే రోజు డాక్టరుకు తెలియాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

దాల్చిన చెక్క పొడి రోజూ తింటే రక్తం పలచబడుతుందా అని అడిగారు. లేదు. కూమరిన్ తానుగా రక్తాన్ని పలచబరచదు, పలచబరిచేది దాని నుంచి పుట్టిన డైకూమరాల్, వార్ఫరిన్ లాంటివి. కూమరిన్‌తో భయం కాలేయానికి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ రోజూ తినదగిన హద్దును శరీర బరువు కిలోకు 0.1 మిల్లీగ్రాము అంది. అరవై కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. మన బజారులో చవగ్గా దొరికే మందపాటి కాసియా చెక్కలో కూమరిన్ గ్రాముకు సుమారు 3 మిల్లీగ్రాములు ఉండొచ్చు, అంటే చెంచాడు పొడితోనే హద్దు నిండుతుంది. బిర్యానీలో వేసే ముక్కకు భయం లేదు. చక్కెర తగ్గుతుందని రోజూ పొడి మింగేవాళ్లకే ఈ లెక్క. సిలోన్ చెక్కలో కూమరిన్ చాలా తక్కువ. అది కాగితంలా పలచగా, పొరలు పొరలుగా చుట్టుకుని, చేత్తో నలుగుతుంది. కాసియా ఒకే మందపు పొర, విరచాలంటే బలం కావాలి.

వరిలో ఎలుకలకు పెట్టే మందు గురించి డెల్టా రైతు ఒకాయన అడిగారు. బ్రోమడయోలోన్ కూడా ఈ కూమరిన్ కుటుంబమే, శరీరంలో చాలాకాలం ఉండే రకం. నూకలు 96 పాళ్లు, వంటనూనె 2 పాళ్లు, 0.25 శాతం మందు పొడి 2 పాళ్లు. కిలో ఎరకు 960 గ్రాములు, 20, 20. నూనె ముందు పట్టించి తర్వాత పొడి కలపాలి, లేకపోతే పొడి రాలిపోతుంది. ముందురోజు బొరియలన్నీ మూసి, మర్నాడు తెరుచుకున్నవాటిలో మాత్రమే పది గ్రాముల పొట్లం లోపలికి నెట్టండి. ఎలుక నాలుగైదు రోజులకు చస్తుంది, అందుకే మిగతావాటికి అనుమానం రాదు. చేతికి తొడుగు, ఎర కలిపిన గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. పిల్లలు తింటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొదటి రోజు రక్తపరీక్ష మామూలుగానే రావొచ్చు, దాన్ని చూసి ఇంటికి వచ్చేయకుండా 48 గంటలకు మళ్లీ చేయించాలి. విరుగుడు విటమిన్ కె1, అది వారాలు, ఒక్కోసారి నెలలు వాడాల్సి ఉంటుంది.

యూవీ టార్చి కొని మిర్చి చూసుకోవచ్చా అని ఆఖరి ప్రశ్న. దానితో తేల్చలేం. చాలాసార్లు మెరిసేది బూజు చేసే వేరే పదార్థం, మెరవకపోయినా విషం ఉండొచ్చు. ఐరోపాకు ఎగుమతికి హద్దు కిలోకు బి1 5, మొత్తం 10 మైక్రోగ్రాములు. ఇంత తక్కువను ల్యాబులో పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీదే కొలవాలి. అంతకన్నా ముందు నమూనా సరిగా తీయాలి. విషం టిక్కీ అంతా సమానంగా ఉండదు, నాలుగు కాయల్లోనే ఉండొచ్చు. ఒక టిక్కీ పైనుంచి గుప్పెడు తీసి పంపితే వచ్చే ఫలితం ఆ గుప్పెడుదే. లాటులో చాలా టిక్కీల్లోంచి, పైన, మధ్య, అడుగు నుంచి కొంచెం కొంచెం తీసి, అంతా కలిపి, మొత్తం పొడి కొట్టి, ఆ పొడిని బాగా కలిపాకే ల్యాబుకు వెళ్లాల్సిన భాగాన్ని వేరుచేయండి.